మామ నూరిన కత్తులు

మొద్దు కత్తిని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరింట్లోనైనా సాయానికి కూర్చున్నప్పుడు వాళ్లిచ్చిన కత్తి వంకాయ తొక్క మీద జారిందంటే, వాళ్లెంత మంచివాళ్లయినా నాకు అక్కడ కూర్చోబుద్ధి కాదు. "మా కత్తితో భయం లేదమ్మా, అది తెగదు" అని నవ్వేవాళ్లుంటారు. అలా నవ్విన వాళ్లతో పోట్లాడి నోటిదురుసు మనిషినని పేరు తెచ్చుకున్నాను. తెచ్చుకుంటే తెచ్చుకున్నాను. తెగని కత్తే చేతులు కోస్తుంది. పదునున్న కత్తికి బరువు వేయక్కరలేదు. పదును లేకపోతే భుజం బలమంతా దాని మీద మోపుతాం, అది పక్కకు జారుతుంది, ఆ బలమంతా పోయి రెండో చేతిలో దిగుతుంది. మా అత్తవారింట్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. తెలిసి కూడా అందరూ నోరు కుట్టుకుని కూర్చున్నారు.

నాది కుప్పం. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో పుంగనూరుకు కోడలిగా వచ్చాను. అత్తవారిల్లు చర్చి పక్క వీధిలో ఉండేది. మామ మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరైన మనిషి, సంఘ పెద్ద. నా భర్త బైరెడ్డిపల్లెలో పంతులు, వారం చివరికే ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో ఎప్పుడూ ఉండేది మామ, అత్త, నేను, మా ఆడబిడ్డ. ఆ పిల్ల వదినా వదినా అంటూ రోజంతా నా వెనకే తిరిగేది. దాని మనసులో ఉన్నది ఒకటే కోరిక, మదనపల్లె ఆసుపత్రిలో చేరి నర్సు పని నేర్చుకోవాలని. అత్త జబ్బుపడి అక్కడున్నప్పుడు తోడుగా ఉండి, తల్లితోపాటు పక్క మంచాలవాళ్లకు కూడా సేవ చేసిందట. అది చూసిన పెద్ద నర్సమ్మ, కోత పండగ అయ్యాక మీ నాయనను వెంటబెట్టుకుని రా, మాట్లాడి చేర్చుకుంటాను అంది. అప్పటినుంచి మా ఇంట్లో కట్టు కట్టించుకోని వస్తువు లేదు. దిండుకు కట్టు, మంచం కోడుకు కట్టు, పప్పు ఏరుకుంటుంటే నా మోచేతికి కట్టు. ముడి సరిగ్గా పడిందంటే దాని మొహం చూడాలి. సంబంధాలు వచ్చినా, ముందు నర్సు పని, తర్వాతే ఏదైనా అని తండ్రిని ఒప్పించుకుంది.

ఇక కత్తుల సంగతి. ఆదివారం పని ముట్టుకోకూడదు గనుక, మా ఇంట్లో కత్తులు నూరడం శనివారం సాయంత్రం జరిగేది. ఆ పని మామది. సానరాయి ఆయన కుర్చీ కింద ఉండేది, దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. అరుగు మీద గోనెసంచి పరుచుకుని, పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకుని, వంటింటి పెద్ద కత్తి, కూరల కత్తి, కొడుకు చాకు, తన కోటు జేబులో ఉండే మడత చాకు వరసగా నూరేవాడు. నూరడం అయ్యాక ఒక్కొక్కరినీ పిలిచి చూపించేవాడు.

"సూడమ్మా, ఎట్లుండాది?"

"బాగుండాది నాయనా."

"నువ్వు సూడే."

"మెరుస్తాండాది. నీ చెయ్యి పడితే ఇంక చెప్పేదేముండాది" అనేది అత్త.

ఒకప్పుడు ఆయన బాగానే నూరేవాడట. నేను కాపురానికి వచ్చేనాటికి రెండు కళ్లలోనూ పొరలు ముసిరాయి. రాయి ఎక్కడుందో తడిమి చూసుకుని, చప్పుడును బట్టి నూరేవాడు. ఒకసారి కత్తిని పడుకోబెట్టి లాగితే ఇంకోసారి నిలబెట్టి లాగేవాడు. అలా వాలు మారిపోతుంటే పదునెక్కడినుంచి వస్తుంది? అంచు గరిటె అంచులా గుండ్రమైపోయింది. ఆదివారం తెచ్చుకున్న మాంసం కోయడం కాదు, పీక్కోవడమే.

ఒకసారి అత్త ఉండబట్టలేక పెరట్లో బట్టలుతికే బండ మీద కత్తిని కాస్త రాసింది. మామ అంచు తడిమి కనిపెట్టాడు. "ఎవురు ముట్టినారు దీన్ని?" అని అడిగి, జవాబు రాకపోతే అన్నం ముందునుంచి లేచిపోయాడు. మర్నాడు కూడా ముద్ద ముట్టలేదు. చివరికి అత్త ఏడ్చి, నువ్వు నూరినట్టు ఎవరూ నూరలేరు అని చెప్పాక తిన్నాడు. ఆ రోజుతో ఇంట్లో ఎవరికీ ధైర్యం లేకుండా పోయింది. ఆ ఇంట్లో అబద్ధం ఆడడం పాపం. మామ కళ్ల గురించీ కత్తుల గురించీ ఆడితే మాత్రం అది మర్యాద. కళ్లు చూపించుకోమని కూడా ఒకరూ అనలేదు. నేను నా భర్తతో అన్నాను, ఆయనేమో, "నాయన మనసు నొప్పించే పని మనకెందుకు" అని పక్కకు తిరిగాడు. పెద్దవాళ్లంటే భక్తి అట! నాకైతే అది పిరికితనంలాగే కనిపించింది.

ఆ ఎండాకాలం పుట్టింటికి వెళ్లినప్పుడు మా నాయనకు ఈ గోల చెప్పుకున్నాను. ఆయన కుప్పంలో వడ్రంగం చేసేవాడు. గొప్పలు చెప్పుకోవడంలో ఆయన్ని మించినవాళ్లు ఆ వీధిలో లేరు. మా అమ్మ ప్రతి పనీ తొందరగా చేసే మనిషి, కత్తి నూరిన ప్రతిసారీ వేలు కోసుకునేది. ఆమె పోరు పడలేక ఎప్పుడో ఒక సాధనం చేసిపెట్టాడు. దానికి వాలు చెక్క అని తనే పేరు పెట్టి, అది చేయడం తన ఒక్కడికే చేతనవుతుందని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. నాకూ అలాంటిది చేసిచ్చాడు.

అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి మూరెడు పీట, దాని మధ్య గాడిలో రాయి కదలకుండా కూర్చుంటుంది. రెండోది అరచేతిలో పట్టే చెక్క, దాని నడుమ సన్నని చీలిక. కత్తి వీపును ఆ చీలికలో దూర్చి బిగిస్తే, ఆ చెక్క ఎత్తు వల్ల కత్తి రాయి మీద ఎప్పుడూ ఒకే వాలులో నిలుస్తుంది. మనం మార్చాలన్నా వాలు మారదు. రాయి మీద రాసుకుని అరిగిపోకుండా చెక్క అడుగున బర్రెకొమ్ము బిళ్ల అంటించాడు. చెయ్యి చెక్క మీదే ఉంటుంది గనుక అంచు దగ్గరికి వేలు పోయే దారి లేదు. మడత చాకుకు చీలిక సన్నగా ఉండాలి గనుక దానికి వేరే చిన్న చెక్క చేశాడు. నీళ్లు చల్లుకుంటూ, అంచును మనకు అవతలివైపు పెట్టి, బలం వేయకుండా నెట్టాలి. కాసేపటికి అంచుకు రెండోవైపు సన్నగా ఇనుప పొర తిరుగుతుంది. అప్పుడు కత్తి తిప్పి అటువైపు అంతే చేయాలి. చివర తోలుముక్క మీద నాలుగుసార్లు వెనక్కి లాగితే ఆ పొర రాలిపోతుంది. పదును వచ్చిందో లేదో వేలితో కాదు, ఉల్లిపాయ పైపొర మీద పెట్టి చూసుకోవాలి. కళ్లు మూసుకుని చేసినా తప్పు పోదు. మామ కోసమే పుట్టిందనుకున్నాను.

పలమనేరు మీదుగా బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. శనివారం సాయంత్రం ఆయన గోనెసంచి పరుచుకోగానే ఎదురుగా పెట్టాను.

"ఇదేంది?" అని తడిమి చూశాడు.

"మా నాయన చేసిచ్చినాడు మామా. దీంతో అయితే వాలు తప్పదు."

"నాకు వాలు తప్పతాండాదని ఎవురు చెప్పినారు?"

అత్త వైపు చూశాను. ఆమె నేలచూపులు చూసింది. "ఎవురూ చెప్పలేదు. నీ చేతిలో వాలు యాడ తప్పతాది" అంది. నా భర్త గొంతు సవరించుకుని లోపలికి వెళ్లిపోయాడు.

"నడక నేర్సుకునే బిడ్డకి మూడు చక్రాల బండి ఇస్తారమ్మా, తోసుకుంటా పోయేదానికి" అన్నాడు మామ. "నాకు యాల? తీసి లోపల పెట్టు."

ఆ చెక్కల్ని నా పెట్టెలో పడేశాను. కోపం ఆయన మీద కొంతే, మిగతావాళ్ల మీద ఎక్కువ.

తర్వాత ఆడబిడ్డ ఒకనాడు నా దగ్గరికి వచ్చి, "వదినా, అది ఎట్ల చేస్తారో నాకు చూపీ" అని అడిగింది. మామ ప్రార్థన కూటానికి వెళ్లిన సమయం చూసి ఇద్దరం పెరట్లో కూర్చుని నా భర్త చాకు నూరాం. ఆ పిల్ల చేతికి పని ఇట్టే పట్టుబడింది. ఉల్లిపాయ మీద చాకు ఆనించగానే పొర రెండుగా విడిపోతే, "అయ్యో, ఇంత మెత్తగానా! నాయన నూరిన దానికంటే..." అని చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ మాటే మీ నాయనతో అను. నువ్వంటే ఆయనకు ప్రాణం, నీ మాట వింటాడు" అన్నాను.

"అమ్మో! నాయన నొచ్చుకుంటాడు వదినా. నువ్వు కూడా అనొద్దు."

ఆ పిల్లకు అబద్ధం అలవాటు కాదు. బడిలో తను చేసిన తప్పు తనే చెప్పి దెబ్బలు తిన్న పిల్ల. తండ్రి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నిజం నోట్లోనే ఉండిపోయేది. అలా పెంచారు దాన్ని.

కోత పండగ దగ్గరపడింది. ఆ రోజు ఊళ్లనుంచి సంఘంవాళ్లు రాగులు, వేరుశనగ, కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చి చర్చిలో అర్పిస్తారు, అందరికీ అక్కడే భోజనం. ఎవరి కత్తి వాళ్లు తెచ్చుకుని వెనకనున్న కొట్టంలో కూరలు తరగాలి. పెద్ద కత్తి అన్నా వాలు చెక్కతో నూరి పెడదామని ముందురోజు పెట్టె తెరిచాను. అత్త వచ్చి కత్తి లాక్కుంది. "పండగ ముందర ఇంట్లో రచ్చ వద్దమ్మా. నీకు దండం పెడతాను" అంది. నిజంగానే చేతులు జోడించింది. ఇంకేం చెయ్యను?

కొట్టంలో మా ముందుకు ఇంత లావు గుమ్మడికాయ వచ్చింది. సోమల నుంచి వచ్చిన ఒక పెద్దామె అప్పటికే మగవాళ్లను కేకేస్తోంది. నిండు గుమ్మడికాయను ఆడవాళ్లు పగలగొట్టకూడదని మా వైపు ఒక పట్టింపు. మొదటి వేటు మగవాడు వేస్తే, ముక్కలు ఆడవాళ్లు తరుగుతారు. చర్చిలో చేరినా చాలామంది దాన్ని మానలేదు. మామ ఆ మాట విని కొట్టంలోకి వచ్చాడు.

"అవన్నీ మనం ఇడిసిపెట్టిన నమ్మకాలు" అన్నాడు పెద్ద గొంతుతో. "ఆడోళ్లు కోస్తే ఏమైతాది? నా బిడ్డ కోస్తాది సూడండి. నా చేత్తో నూరిన కత్తి ఉండాది."

ఇది తలుచుకుంటే నాకు తల తిరిగిపోతుంది. లోకంలో ఉన్న పట్టింపులన్నింటిలో ఆ ఒక్కటీ ఆ పిల్ల చెయ్యి కాపాడేది. దాన్ని వదిలేయడానికి ఆయనకు క్షణం పట్టలేదు. సానరాయి మీద తన పెత్తనం మాత్రం వదల్లేకపోయాడు.

ఆ పిల్ల నా వైపు చూసింది. వద్దని తల ఊపాను. "కొయ్యి తల్లీ" అన్నాడు మామ. ఎడం చేత్తో కాయను పట్టుకుని, కుడిచేత్తో కత్తి ఆనించి నొక్కింది. అది దిగలేదు. అందరూ చూస్తున్నారు. మోకాళ్ల మీద లేచి ఒళ్లంతా మోపింది. కత్తి గట్టి తోలు మీద సర్రున జారి ఎడంచేతి బొటనవేలి మొదట్లో దిగింది.

అందరూ కేకలు వేస్తుంటే అరవనిది ఆ పిల్ల ఒక్కతే. "వదినా, చెయ్యి పైకెత్తి పట్టు. గట్టిగా నొక్కు. ఇప్పుడు ఆ గుడ్డ ఇట్ల తిప్పు" అని తన చేతికి తనే నాతో కట్టు కట్టించుకుంది. పెదాలు తెల్లగా పాలిపోయినా చుట్ల లెక్క తప్పలేదు. ఊళ్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి కుట్లు వేయించాం. ఆ సాయంత్రం ఇంట్లో మామ ప్రార్థన చేశాడు. "ప్రభువా, నా బిడ్డ ధ్యాస తప్పి చెయ్యి కోసుకున్నా ప్రాణం కాపాడినావు" అన్నాడు.

నేను కళ్లు తెరిచేశాను. "ధ్యాస కాదు మామా, కత్తి" అన్నాను.

"ఊరుకోవే" అన్నాడు నా భర్త. మామ ఆమెన్ అని లేచాడు.

కుట్లు విప్పిన తర్వాత మదనపల్లెకు బయలుదేరాం. తండ్రి రావాలని నర్సమ్మ ముందే చెప్పింది గనుక మామ, చెయ్యి ఇంకా నొప్పిగా ఉంది గనుక తోడు నేను. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు, ప్రతి మిట్ట దగ్గరా ఆగి ఊపిరి తీసుకునేది. ఆ పిల్ల బొటనవేలిని మడుస్తూ చాపుతూ కూర్చుంది. దాని భయమంతా వేలు గురించే. నేను చెవిలో చెప్పాను, "ఏమడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పు పాపా." తల ఊపింది.

పెద్ద నర్సమ్మ గదిలో మామను కుర్చీలో కూర్చోబెట్టారు. మేమిద్దరం నిలబడ్డాం. ఆమె ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని వేలు మడవమంది, చాపమంది, పెన్సిలు పట్టించింది. "వంగతాండాది. కొన్నాళ్లుపోతే మచ్చ తప్ప ఏమీ ఉండదు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఎట్ల తెగింది?"

"గుమ్మడికాయ కోస్తాంటే అమ్మా. నాకే ధ్యాస లేకపాయె."

"కత్తి మొద్దుదా?"

ఆ పిల్ల తండ్రి వైపు చూసింది. ఆయన తల ఎత్తి వింటున్నాడు.

"లేదమ్మా. పదునైన కత్తే. మా నాయనే నూరినాడు."

నాకు ఇంక ఆగలేదు. "అబద్ధమమ్మా! ఆ కత్తి అరటిపండు కూడా కొయ్యదు. మా మామకు కండ్లు అగపడవు. ఇంట్లో ఎవురూ చెప్పరు" అన్నాను. "ఏమ్మా!" అని మామ గద్దించాడు.

నర్సమ్మ నన్ను ఆగమన్నట్టు చెయ్యెత్తింది. "ఎట్లాంటి కత్తితో తెగిందో నాకు తెలుస్తాండాది తల్లీ. పదునైన దాంతో తెగితే గీత గీసినట్టుంటాది. ఇది చింపినట్టుండాది. ఈ పిల్ల నోటితో వినాలనే అడగతాండాను." తర్వాత ఆ పిల్ల వైపు తిరిగింది. "సూడు పాపా. డాక్టరు పొరపాటున ఒక మందుకు ఇంకోటి చెప్పినాడనుకో. తప్పయ్యా అని ఆయన మొహం మీద చెప్పాల. పెద్దాయన నొచ్చుకుంటాడని ఊరుకుంటే మంచం మీద మనిషి పోతాడు. చెయ్యి నయమైతాది. ఈ ధైర్యం లేనిదాన్ని నేను చేర్చుకోలేను. ఇంగొకసారి అడగతాను. కత్తికి పదునుండిందా?"

ఆమె ఇంతకంటే విడమరిచి ఎవరికి చెబుతుంది? ఆ పిల్లకు అర్థమైంది. దాని కళ్లు నర్సమ్మ మీదినుంచి నా మీదికి, నా మీదినుంచి తండ్రి మీదికి వెళ్లాయి. ఆయన చేతికర్రను ముందుకు లాక్కున్నాడు. నేను ఆయన కుర్చీ ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"చెప్పు మామా. కండ్లు అగపడవని ఒక్క మాట చెప్పు. దాని బతుకు నీ నోట్లో ఉండాది."

కోడలు మామతో అలా మాట్లాడడం తప్పంటారని నాకు తెలుసు. నాకు మాత్రం ఇప్పటికీ తప్పనిపించదు. ఆయన నా వైపు తిరగలేదు.

"నా బిడ్డ అబద్ధం చెప్పదు" అన్నాడు.

ఆ మాట వినగానే ఆ పిల్ల నిటారుగా నిలబడింది. "మా నాయన నూరితే పదునుంటాదమ్మా" అంది.

నర్సమ్మ దాని చెయ్యి మెల్లగా వదిలేసింది. "ఇంటికి పోండి" అంది.

బయటికి వచ్చాం. వరండా చివర మెట్లున్నాయి. నేను స్తంభం దగ్గరే నిలబడిపోయాను. ఆయన్ని పట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ పిల్లే వెళ్లి పట్టుకుంది.

"మెట్లుండాయి నాయనా, సూసి దిగు."

"నాకు అగపడతాండాయి లేమ్మా" అన్నాడు మామ, దాని ఎడంచేతిని గట్టిగా బిగించి పట్టుకుని. ఆయన వేళ్లు ఇంకా నొప్పి తగ్గని గాయం మీద నొక్కుకుంటుంటే, ఆ పిల్ల పెదవి కొరుక్కుని, ఒక్కొక్క మెట్టే ఆయన్ని దింపింది.